అలిగిన బతుకమ్మ నాడు హలీమక్క చెప్పిన ముచ్చట

ఊళ్లు తిరగడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. జనగామలో మాది కిరాణా హోల్‌సేల్ దుకాణం. మా ఆయనకు గల్లాపెట్టె దాటి ప్రపంచం లేదు, నాకు గల్లాపెట్టె దగ్గర నిమిషం కాలు నిలవదు. కాశీ, పూరీ, ద్వారక అన్నీ అయ్యాక రెండేళ్ల కింద మా ఊరి బృందంతో కాశ్మీరు కూడా పోయాను. అక్కడ అందరూ మంచు చూశారు, నేను జ్వరం చూశాను.

మిగతావాళ్లు ముందుకు సాగితే మా బస్సు డ్రైవరు నన్ను తన మేనత్త ఇంట్లో దింపాడు. అనంతనాగ్ వైపు ఒక పల్లె. ఆ మేనత్తే హలీమా. మూడు రోజులు నా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది, ఉప్పు వేసిన చాయ తాగించింది. రామ రామ, ఆ ఉప్పు చాయ! జ్వరం దానికి భయపడే పారిపోయిందని ఇప్పటికీ నా నమ్మకం. నాకు వచ్చింది జనగామ బజారు ఉర్దూ, ఆమెకు వచ్చింది బడి ముఖం చూడని ఉర్దూ. రెండూ కలిసి బాగానే నడిచాయి.

పోయేరోజు గోడ మీది ఫొటో ఎవరిదని అడిగాను. కొడుకు, ఇర్ఫాన్. పంతొమ్మిదేళ్ల వయసులో ఒక రాత్రి వర్దీ, అదే యూనిఫారం, వేసుకున్నవాళ్లు తీసుకుపోయారు. ఇరవై ఏళ్లు దాటింది. ఉన్నాడని గానీ లేడని గానీ ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆమె తిరగని క్యాంపు లేదు, ఎక్కని కోర్టు మెట్టు లేదు.

"మా వైపు ఎవరికి చెప్పుకోను? నేను నాది చెబితే వాళ్లు వాళ్లది చెబుతారు. ఈ కొండల అవతలి మనుషులు ఒక్కసారి నా కొడుకు ముచ్చట కూర్చుని వింటే చాలు" అంది హలీమక్క.

నేను ఆవేశం మనిషిని. "మా ఊరికి రా అక్కా, మావాళ్లు వింటరు. మేం కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నోళ్లం" అని చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను. మాట ఇవ్వడానికి ఏం పోయింది! నిలబెట్టుకోవడానికి మూడు జిల్లాలు తిరగాల్సి వచ్చింది. ఆ తిరుగుడే ఇది.

మొన్నటి బతుకమ్మ రోజుల్లో ఆమె కంటి ఆపరేషనుకు హైదరాబాదు వచ్చింది. మళ్లీ చూపించుకోవడానికి వారం గడువు ఇచ్చారట. ఫోన్ రాగానే నేను గాల్లో తేలిపోయాను. వెంటనే మూడు చోట్లకు ఫోన్లు కొట్టాను. జనగామలో మా వీరేశం బావ ఫంక్షన్ హాలు, మానుకోటలో సత్తెన్న చూస్తానన్న హాలు, భూపాలపల్లిలో మా చెల్లె సుజాత. "మూడు ఊళ్లు, మూడు మీటింగులు. నువ్వు చెప్పు, నేను తెలుగు చేస్త" అన్నాను హలీమక్కతో. ఆమె చిన్నపిల్లలా నవ్వింది.

నానబియ్యం బతుకమ్మ నాడు, అంటే నాలుగో రోజు, పొద్దున పదింటికి ఆమె రైలు దిగింది. సికింద్రాబాదులో మేనల్లుడు ఎక్కించాడు, గంటన్నర ప్రయాణం. బూడిద రంగు పొడుగు చొక్కా, నెత్తిన తెల్లగుడ్డ, కళ్లకు దవాఖానవాళ్లిచ్చిన నల్లద్దాలు. స్టేషను బయట లింగాల ఘనపూర్ వైపు నుంచి వచ్చిన తంగేడు పూల మూటలు పసుప్పచ్చగా ఆరబోసినట్టు ఉన్నాయి. లింగాల ఘనపూర్ నా పుట్టిల్లు, కాబట్టి ఆ పూలు చూస్తే నాకు ఒళ్లు ఆగదు. అద్దాలు కొంచెం పైకెత్తి, "ఇదంతా ఏ పండుగకు?" అని హలీమక్క అడిగింది. దారి పొడుగునా నేను బతుకమ్మ గురించి చెబుతూనే ఉన్నాను.

మీటింగు నాలుగింటికి. రెండింటికి వీరేశం బావ మా ఇంటికి వచ్చాడు. చేతిలో మడత విప్పని శాలువా. మనిషి లోపలికి రాకముందే సంగతి నాకు అర్థమైంది.

"ఏమనుకోకు శకుంతలా. ఎవరో ఫోన్ జేసి కాశ్మీర్ మీటింగా అని అడిగిండ్రు. నాకు పెండ్లిండ్ల బుకింగులున్నయి. హాలు ఇయ్యలేను."

"బావా, ఒక తల్లి కొడుకు గురించి చెప్పుకుంటది. దాంట్ల ఏమున్నది?"

"ఏం లేదు. ఏం లేదనే నాకు గూడ తెలుసు." హలీమక్క ముందు నిలబడి, శాలువా విప్పి, ఆమె భుజాల చుట్టూ కప్పి, రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. మా వైపు పెద్దమనుషులెవరైనా ఇంటికి వస్తే శాలువా కప్పడం మర్యాద కదా. హాలు ఎగ్గొట్టినా మర్యాద ఎగ్గొట్టలేదు.

హలీమక్క శాలువా అంచును వేళ్లతో రుద్ది చూసింది. ఆమె కళ్లు మసకబారిందే శాలువాల మీద సూదిపని చేసీ చేసీ. "మిషను పని" అని నవ్వింది. "శాలువాలు కుట్టే మాకే శాలువా కప్పినట్టుంది."

నాకు నవ్వు రాలేదు. సరే, హాలు లేకపోతే మా అరుగు లేదా అని చాపలు పరిచాను. నాలుగింటికి ఆడవాళ్లు రావడం మొదలైంది. ఇరవై మంది, ముప్పై మంది! నా ఆనందం చెప్పలేను. ముందు వరసలో వీరేశం బావ భార్య అనసూయక్క కూర్చుంది. ఆమె మా వాడ బతుకమ్మకు పాట పెట్టే మనిషి, గొంతు విప్పితే నాలుగు గల్లీలకు వినిపిస్తుంది. నేను గొంతు సవరించుకుని, "ఈమె కాశ్మీర్ నుంచి వచ్చిన హలీమక్క" అన్నానో లేదో అనసూయక్క అందుకుంది.

"మూటలేవి? ఇంక విప్పలేదా?"

"ఏ మూటలక్కా?"

"గదేందే, శాలువలు తెచ్చిందనే గదా వచ్చినం. కుంకుమపువ్వు అసలుదేనా? మా కోడలికి ఐదో నెల."

"అక్రోట్ ఉన్నయా?" అని ఇంకొకామె.

తప్పు వాళ్లది కాదు. కాశ్మీరీ మనిషి మా గడపల్లోకి వచ్చేది చలికాలం సైకిలు మీద శాలువాల మూటతోనే. ఆ మనిషికి ఇల్లుందని, ఇంట్లో గోడకు ఒక ఫొటో ఉంటుందని మాకు ఎప్పుడైనా తోచిందా? నేను చెప్పబోయాను. "అయ్యో, అమ్మడానికి రాలేదా!" అంటూ ఒకరి తర్వాత ఒకరు లేచారు. పూలు పేర్చాలి, బియ్యం నానబెట్టాలి, పొద్దు పోతున్నది. అరగంటలో అరుగు ఖాళీ. హలీమక్క చాపలు మడుస్తూ, "ఫర్వాలేదు బహెన్, మా సరుకైతే అందరికీ ఇష్టమే" అంది. ఆ మాట నాకు ముల్లులా దిగింది. మానుకోటలో మాత్రం మీటింగు పెట్టించి తీరతానని అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు రైలు. స్టేషనుకు వచ్చిన మా ఆయన, "నువ్వు దుకాణం మూయించేదాక ఊకోవా?" అన్నాడు. అంటూనే ఇద్దరికీ ఇడ్లీ పొట్లాలు, నీళ్ల సీసాలు కిటికీలోంచి అందించాడు. ఆయన తిట్టు ఎప్పుడూ తిండితోనే వస్తుంది. జనరల్ టికెట్లు. మీరెవరైనా వెళ్తే ఈ రైలుకు జనగామలో సీటు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. కాజీపేటలో సగం పెట్టె దిగుతుంది, అప్పుడు కూర్చోవచ్చు.

వరంగల్‌లో ఒక తండా ఆమె సీతాఫలాల గంప ఎత్తుకుని ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. పేరు మంగ్లీబాయి, బయ్యారం దగ్గర తండా, బిడ్డ ఇంటికి వెళ్లి తిరిగి వస్తున్నది. ఫోనులో ఎవరితోనో వాళ్ల ఇంటి భాషలో గలగలా మాట్లాడి, పెట్టేసి, మమ్మల్ని చూసి తెలుగులోకి దిగింది.

"ఈ అమ్మ ఎక్కడికెళ్లి వచ్చింది?"

"కాశ్మీర్."

మంగ్లీబాయి ముఖం వెలిగిపోయింది. "నా కొడుకు ఆడనే ఉన్నడు! మిలట్రీల. ఏ ఊరో చెప్పడు, చెప్పొద్దంట. చలి అంటడు, రాళ్లు ఏస్తరంటడు. రాత్రి ఫోన్ రాకపోతె నాకు నిద్ర వట్టది."

నేను ఉర్దూలోకి మార్చి చెప్పాను. నెక్కొండ స్టేషను దాటాక హలీమక్క ఆమె వైపు తిరిగి, "వాడు క్షేమంగా తిరిగి రావాలి. ఏ తల్లికీ నా గతి వద్దు" అంది.

"ఏమైంది నీకు?"

సంచిలోంచి ఫొటో తీసి చూపించింది. ఎవరు తీసుకుపోయారని మంగ్లీబాయి అడిగింది. వర్దీవాళ్లని నేనే చెప్పాను. ఆమె చేతిలో సీతాఫలం అట్లాగే ఆగిపోయింది. ఇక్కడితో ఈ స్నేహం అయిపోయిందనుకున్నాను. మంగ్లీబాయి కొంగుతో ఫొటో మీది దుమ్ము తుడిచి, "పేరేంది?" అంది.

"ఇర్ఫాన్."

"ఇర్ఫాన్. ఇర్ఫాన్. ఆడనే ఉన్నడు గదా మా వోడు, అడుగుమంట. ఎవలన్న చూసిండ్రేమో. నీ ఫోన్ నంబర్ ఇయ్యి బిడ్డా." అంత పెద్ద ఫౌజులో ఇరవై ఏళ్ల కిందటి మనిషిని అడిగి కనుక్కోవచ్చని ఆమె నమ్మకం! నేను ఏం చెప్పను? నంబరు ఇచ్చాను. మానుకోటలో మాతోపాటే దిగేటప్పుడు హలీమక్క ఒళ్లో నాలుగు పండ్లు పోసి, పేరు మరిచిపోకుండా అనుకుంటూ పోయింది.

మానుకోట, అంటే మహబూబాబాద్ స్టేషనులో సత్తెన్న ఎదురొచ్చాడు. పొలాల మందుల దుకాణం ఉంది, తెలంగాణ ఉద్యమంలో పేరున్న మనిషి. మైకు అక్కర్లేని గొంతు. "ఇగో గీ పట్టాల మీదనే వంట వండినం అక్కా! రైళ్లన్ని బంద్. మానుకోట రాయి దెబ్బంటె గట్లుంటది. మాకు రాష్ట్రం వచ్చింది. మీకు గూడ వస్తది, చూడుండ్రి!"

హలీమక్క ఆగి పట్టాల వైపు చూసింది. "అన్నా, మీకు లేని రాష్ట్రం వచ్చింది. మాకు ఉన్న రాష్ట్రం పోయింది" అంది. సత్తెన్న మా సంచులు అందుకుని ముందు నడిచాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ రోజు అట్ల బతుకమ్మ. సత్తెన్న భార్య వేడి వేడి అట్లు వేసి కొసరి కొసరి పెట్టింది. తింటూ సత్తెన్న మళ్లీ కదిలించాడు. "ఇంతకూ మీకేం కావాలె అక్కా? నిజంగ చెప్పు."

"మా ఇంట్లోనే మూడు మాటలన్నా" అంది హలీమక్క. "మా మామ ఒక దేశం అనేవాడు, మా తమ్ముడు ఇంకో దేశం అంటాడు, నా కొడుకు మాదే మాకు అనేవాడు. మా పక్కింటి హిందూ పండితుల కోడలు, పెళ్లిళ్లకు నాతో కలిసి పాడేది, ఒక రాత్రి భయపడి ఇల్లు విడిచి పోయింది. ఆమెను అడిగితే ఆమె మాట ఇంకోటి ఉంటుంది. మా నేల గురించి అందరూ మాట్లాడతారు. పటం తీసి గీతలు గీస్తారు. మీకేం కావాలని మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు. ముందు అడగాలి కదా? ఇచ్చేది తర్వాత."

సత్తెన్న అట్టు వదిలేసి, "గిదే, గిదే సభల చెప్పాలె!" అని లేచాడు. అంత హుషారుగా లేచిన మనిషి గంట తర్వాత తిరిగి వస్తుంటేనే నడక మారింది. చంకలో శాలువా! హాలు తాళం దొరకలేదట. రేపు ఇస్తారట. రేపు మేం ఉండమని ఆయనకూ తెలుసు. కప్పుతూ, "పట్టాల మీద కూసున్నప్పుడు భయం కాలే అక్కా. ఇప్పుడు దుకాణం ఉన్నది, పిల్లలున్నరు" అన్నాడు. మనిషిని తిట్టాలని నోటిదాకా వచ్చింది గానీ, మా ఆయన ముఖం గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇక మిగిలింది భూపాలపల్లి ఒక్కటే. మూడో రోజు పొద్దున రైల్లో వరంగల్, అక్కడి నుంచి ఆటోలో హన్మకొండ బస్టాండు, పదకొండింటికి బస్సు. మా రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, నేను గొప్పగా చెప్పుకుంటూ ఎక్కించాను. కండక్టరమ్మ మిషను పట్టుకుని వచ్చి, "అమ్మా, ఆధార్ చూపియ్యుండ్రి" అంది.

నేను పర్సు వెతుక్కుంటున్నాను. పక్కన హలీమక్క లేచి నిలబడింది. కార్డు ముఖం పక్కన పెట్టి పట్టుకుని, నల్లద్దాలు తీసేసి, నిటారుగా నిలబడింది. బస్సు ఊగుతున్నది, ఆమె కదలడం లేదు.

"అయ్యో, కూసోండ్రమ్మా, ఎందుకు లేసిండ్రు?" అని కండక్టరమ్మే గాబరాపడి భుజం పట్టి కూర్చోబెట్టింది. కార్డు చూసి, "మన రాష్ట్రంది కాదు గదా. జీరో టికెట్ రాదమ్మా, పైసలియ్యాలె" అంది మెల్లగా.

టికెట్టు కొన్నాను. "ఇక్కడ కార్డు చూపిస్తే ఊరికే తిప్పుతారా? మా దగ్గర కార్డు చూపిస్తేనే మా ఇంటికి మమ్మల్ని పోనిస్తారు" అని హలీమక్క కార్డును రుమాల్లో చుట్టి లోపల పెట్టుకుంది.

పరకాలలో బస్సు పది నిమిషాలు ఆగింది. మిరపకాయ బజ్జీలు వేడిగా దిగుతున్నాయి, ఎవరు వెళ్లినా వదలకండి. హలీమక్క రెండు తిని, ముక్కు తుడుచుకుంటూ, "ఇది మా ఉప్పు చాయకు బదులా?" అంది. బస్సంతా వినేట్టు నవ్వాను. చెల్పూర్ దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు కనబడగానే నా గుండె కొట్టుకోవడం పెరిగింది. అవి దాటితే భూపాలపల్లి వచ్చినట్టే. సుజాత ఫోనులో చెప్పిన ఉపాయం నాకు అంత నచ్చింది మరి. "హాలెందుకక్కా? పొద్దుమీకి క్వార్టర్ల కాడ బతుకమ్మ ఆడుతరు. మైకుంటది, రెండొందల మంది ఆడోళ్లుంటరు. ఆట కాంగనే చెప్పిద్దాం. బతుకమ్మకు ఎవడు అడ్డమొస్తడు?" అంది.

సుజాత మొగుడు బొగ్గుబాయిలో పనిచేస్తాడు, క్వార్టర్లలోనే ఇల్లు. మధ్యాహ్నం రెండింటికి గడపలో అడుగు పెట్టానో లేదో, సుజాత నెత్తి కొట్టుకుంది.

"అక్కా, ఇయ్యాల ఎన్నో రోజు?"

నానబియ్యం నాలుగు, అట్లు అయిదు, ఇయ్యాల ఆరు. ఆరోనాడు అలిగిన బతుకమ్మ! ఎన్నడో ఎవరో ఎంగిలి మాంసం చేత్తో తాకారని అమ్మవారు అలిగిందట. ఆరోనాడు పువ్వు తెంపరు, బతుకమ్మ పేర్చరు, ఆడరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆడుతున్నదాన్ని, ఫోనులో చెప్పిన చెల్లె, చేతులూపుకుంటూ వచ్చిన నేను, ఇద్దరం మరిచిపోయాం. ఇంతకంటే తెలివితక్కువ ఆడవాళ్లు తెలంగాణలో ఉంటారా? పెద్దమనుషులు రెండు తలుపులు మూస్తే మూడోది అమ్మవారే మూసినట్టయింది. రేపు హలీమక్క తిరుగు ప్రయాణం, ఎల్లుండి దవాఖాన, ఆ తర్వాత ఆమె ఊరు.

పొద్దు వాలుతుంటే, కనీసం ఆ ఆటస్థలమైనా చూపిద్దామని తీసుకుపోయాను. మైదానం బోసిగా ఉంది. నిన్నటి పూలు రెండు మూలన ఎండాయి. ఆట లేకపోయినా అలవాటు కొద్దీ పదిహేను మంది ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని ముచ్చట్లు పెట్టారు. మధ్యలో రాజవ్వ, డెబ్బై దాటిన మనిషి, ఆ క్వార్టర్ల బతుకమ్మకు ఆమెదే పాట.

మేమెందుకు ఉసూరుమంటున్నామో సుజాత చెప్పింది. రాజవ్వ, "ఇయ్యాల ఆడరాదు బిడ్డా. తల్లి అలిగింది" అంది.

అలగడమంటే ఏమిటో నేను విప్పి చెప్పాను. హలీమక్క, "ఎన్ని రోజులు అలుగుతుంది?" అని అడిగింది.

"ఒక్కనాడే."

"నేను ఇరవై ఏళ్ల నుంచి అలిగి ఉన్నాను" అంది హలీమక్క.

నేను తెలుగులో చెప్పగానే ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. రాజవ్వ నవ్వలేదు. పక్కకు జరిగి, గట్టు మీద చోటిచ్చి, "ఎందుకలిగినవ్? ఎవల మీద?" అంది.

చూడండి, మూడు రోజుల్లో మొదటిసారి పదిమంది మధ్య ఒక మనిషి ఆమెను కూర్చోబెట్టి అడిగింది. హలీమక్క చెప్పడం మొదలుపెట్టింది. నేను తెలుగు చేస్తున్నాను. అది అక్రోట్ కాయలు రాలే కాలమట. పచ్చి తొక్క ఒలిస్తే చేతులు నల్లగా అయిపోతాయి, వారం దాకా పోవు. ఇర్ఫాన్ పగలంతా కాయలు ఒలిచి, రాత్రి అన్నానికి కూర్చున్నాడు. "ఆ చేతులతో తింటావా, పోయి వాగులో కడుక్కుని రా" అని ఆమే లేపింది. వాగు దగ్గర జీపు ఉంది. అంతే. "కడిగినా పోని నలుపది. ఎందుకు లేపాను?"

"మా తమ్ముడు అన్నలతోని అడివిలకు పోయిండు" అంది రాజవ్వ. "పేపర్ల పేరు పడ్డది, మనిషి కనవడలే, పీనుగ కనవడలే. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇస్తం గదా, పోయినోళ్ల పేర్లు చెప్పి. వాని పేరు చెప్పాల్నా వద్దా అని ఇయ్యాల్టికి తెల్వది నాకు. పంతులు అడుగుతడు, నేను ఊకుంట."

"నేనూ అంతే" అంది హలీమక్క. "బతికున్నవాళ్ల దువా చెయ్యాలా, పోయినవాళ్ల దువా చెయ్యాలా, తెలియదు."

వెనక నుంచి ఒకామె, "కాశ్మీర్ ముచ్చట మనకెందుకవ్వా? ఆడ మన సిపాయిలు సస్తలేరా?" అంది. మాటలో కోపం ఉంది, అబద్ధం లేదు. నాకు రైల్లో మంగ్లీబాయి గుర్తొచ్చింది.

"సిపాయి తల్లి వచ్చిననాడు ఆమెకు గూడ పాడుదం" అని రాజవ్వ కొంగు బిగించి లేచింది. "ఆడరాదన్నరు. పువ్వు వెట్టరాదన్నరు. నిలవడి తల్లి గోస చెప్పుకోరాదని ఎవలన్నరు? లేవుండ్రే!"

లేచారు. ఆ కోపగించుకున్నామె కూడా మెల్లగా లేచింది. గుండ్రంగా నిలబడ్డారు, మధ్యలో బతుకమ్మ ఉండే చోటు ఖాళీగా ఉంది. చప్పట్లు కొట్టడానికి లేదు, చేతులు ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. హలీమక్క తన పక్కనున్న సుజాత భుజం మీద చెయ్యి వేసింది. ఈద్ నాడు వాళ్లూరి ఆడవాళ్లు అట్లాగే భుజాలు పట్టుకుని, రెండు వరసలై, ముందుకొకడుగు వెనక్కొకడుగు వేస్తూ పాడతారట. చూసి అందరూ పక్కవాళ్ల భుజాలు పట్టుకున్నారు. రాజవ్వ ఎత్తుకుంది.

మంచు కొండల కింద ఉయ్యాలో
మా హలీమ ఇల్లు ఉయ్యాలో
అక్రోటు కాయొలిచి ఉయ్యాలో
కొడుకు చేతులు నలుపు ఉయ్యాలో
చేతులు కడుగంగ ఉయ్యాలో
వాగు కాడికి పాయె ఉయ్యాలో
బువ్వ సల్లగాయె ఉయ్యాలో
బిడ్డ రాకపాయె ఉయ్యాలో

నాకు కాళ్లు నేల మీద లేవు! క్వార్టర్ల నుంచి ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకు వచ్చారు. "ఇయ్యాల పాటేంది?" అని అడగడం, వలయంలో దూరడం. పదిహేను మంది అరవై అయ్యారు, ఇంకా వస్తున్నారు. సుజాత ఫోనులో తీస్తున్నది. పాట ఆగినప్పుడల్లా రాజవ్వ, "తర్వాత?" అంటుంది, హలీమక్క చెబుతుంది, నేను అందిస్తాను, రాజవ్వ చరణం కడుతుంది. ఏ హాలులో, ఏ మైకులో జరిగే పని ఇది? మా అమ్మ పోయిననాడు కూడా అంత ఏడవలేదు, నా పెళ్లినాడు కూడా అంత సంబరపడలేదు.

చీకటి పడ్డాక హలీమక్క సంచిలోంచి సత్తెన్న కప్పిన శాలువా తీసి రాజవ్వ భుజాల మీద వేసింది. "నాకు సన్మానమా బిడ్డా!" అని రాజవ్వ బోసినోటితో నవ్వింది.

మర్నాడు ఒంటిగంట బస్సుకు తిరుగు ప్రయాణం. రేగొండ దాటాక ఫోన్ మోగింది. మంగ్లీబాయి.

"బిడ్డా, మా వోన్ని అడిగిన. ఇర్ఫాన్ అని. 'అమ్మా, గిసొంటి పేర్లు ఫోన్ల అడుగకు' అని కోపం జేసిండు." గొంతు తగ్గించింది. "గని ఫోన్ పెట్టెయ్యలే. ఆమె మంచిదేనా అమ్మా అని అడిగిండు. మంచిదన్న. గంతే బిడ్డా, ఇంక నాకు చాత కాలే."

హలీమక్కకు మాట మాటా చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగి, పెదాలు కదిలిస్తూ దువా చేసుకుంది. ఎవరి కొడుకు కోసమో నేను అడగలేదు.

హన్మకొండలో బస్సు మారి, స్టేషన్ ఘనపూర్, రఘునాథపల్లి మీదుగా జనగామలో దిగేసరికి ఐదున్నర. బడలికతో ఆటోలో మా వాడ మలుపు తిరిగాం. ఏడో రోజు, వేపకాయల బతుకమ్మ. వాడంతా చీరలు, మధ్యలో తంగేడు, గునుగు, బంతిపూల బతుకమ్మలు. పాట వినిపిస్తున్నది. నేను ఆటో ఆపించాను.

"అక్రోటు కాయొలిచి ఉయ్యాలో..."

అనసూయక్క గొంతు! సుజాత పంపిన వీడియో రాత్రికి రాత్రి మా వాడ ఫోన్లన్నిటికీ పాకిందట. హాలు ఇవ్వని వీరేశం బావ ఇంటి ముందే, అతని భార్యే పాడుతున్నది. మొన్న శాలువాలు అడిగి లేచిపోయినవాళ్లందరూ వంతపాడుతున్నారు. బావ గేటు పక్కన నిలబడి ఉన్నాడు, నన్ను చూసి లోపలికి పోలేదు.

హలీమక్కను చూడగానే పాట ఆగింది. అనసూయక్క చెమట తుడుచుకుంటూ వచ్చింది. నాకు భయం పట్టుకుంది, ఇప్పుడెక్కడ శాలువా తెస్తారోనని.

"శకుంతలా, ఆమెను అడుగు. గా పిలగాడు ఎట్లుండెటోడు? రాజవ్వ పాటల గది లేదు."

"పాటలు పాడెటోడా?" అని ఇంకొకామె.

"ఏం తినెటోడు? ఏదంటె పాణం వానికి?"

ప్రశ్నలు వానలా కురుస్తున్నాయి. నేను ఒక్కొక్కటే ఉర్దూ చేస్తున్నాను. హలీమక్క నల్లద్దాలు తీసి పట్టుకుంది. "క్యాంపుల్లో, కోర్టుల్లో ఎత్తెంత అని అడిగారు. పుట్టుమచ్చ ఎక్కడుంది, ఏ రంగు చొక్కా అని అడిగారు. ఏం ఇష్టమని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు" అంది నాతో. అప్పుడు వాళ్ల వైపు తిరిగింది. "గిన్నె అడుగున అంటుకున్న మాడన్నం. దాని కోసం చెల్లెలితో కొట్లాడేవాడు."

మాడన్నం అనగానే ఆడవాళ్లంతా గొల్లుమన్నారు, మాడు కోసం కొట్లాడని పిల్లలు మా ఇళ్లలో మాత్రం ఎవరున్నారు? అనసూయక్క ఒక్క క్షణం ఆలోచించి, హలీమక్క చెయ్యి పట్టుకుని వలయంలోకి లాగి, ఎత్తుకుంది.

మాడంటె పాణమాయె ఉయ్యాలో
మన ఇర్ఫానుకు ఉయ్యాలో

రెండో ఉయ్యాలోకు హలీమక్క కూడా గొంతు కలిపింది.